సున్నా మీద ముల్లు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందిగానీ ఎవరూ వాడరు, అందరికీ ఆయన కంగారే. చేసేది కుళాయిల పని. పనిలో వంక పెట్టడానికి లేదు, ఆయన బిగించిన చోట చుక్క కారితే ఒట్టు. మనిషి మాత్రం ఒక్క క్షణం కుదురుగా ఉండడు. గ్యాసు కట్టానా అని వీధి చివర్నించి వెనక్కొస్తాడు, తాళం వేశానా అని మళ్ళీ వస్తాడు. అలాంటివాడికి భార్య కిడ్నీలు రెండూ పాడయ్యాయని డాక్టరు చెప్తే ఇంకేముంది, కాలుగాలిన పిల్లిలా అయిపోయాడు.

కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది ఆమె తమ్ముడు. టాక్సీ నడుపుతాడు. వాడి పేరు నిదానం. ఇల్లు తగలబడుతున్నా చెప్పులు వెతికి తొడుక్కునిగానీ బయటికి రాని రకం. చుట్టాలందరూ తలలు పట్టుకు కూర్చుంటే, "నాకు రెండున్నాయిగా, ఒకటి చూడమనండి" అన్నాడు. పరీక్షల్లో సరిపోయింది. అక్కడితో ఊరుకున్నాడా? ఆసుపత్రి చుట్టూ తిరగలేక అక్క నలిగిపోతోందని తన సొంత పాత కారు తెచ్చి బావ వాకిట్లో పెట్టాడు. తను వేరేవాళ్ళ బండికి డ్రైవరుగా కుదిరాడు.

రేపు ముగ్గురూ ఆ కారులోనే కొండ దాటి పెద్దాసుపత్రిలో చేరాలి. ఎల్లుండి ఆపరేషను. బ్యాగులు సర్దడం కూడా అయిపోయింది. ఇక ఒక పూట ఓపిక పట్టి కూర్చుంటే చాలు, కానీ కూర్చోవడమే కదా ఆయనకి రానిది!

ఎవరో పుణ్యాత్ముడు చెవిలో వేశాడు: పాత ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ పడిపోతే స్టీరింగ్ ముందున్న ఎర్ర దీపం వెలిగేలోపే కొంప మునుగుతుంది, ముల్లున్న మీటరు పెట్టుకుంటే ముందే తెలుస్తుంది అని. అంతే, మధ్యాహ్నం తిండి కూడా తినకుండా వెళ్ళి మీటరు కొనుక్కొచ్చాడు. భార్య కిటికీలోంచి చూసి, "ఇప్పుడెందుకండీ ఇవన్నీ, బాగానే తిరుగుతోందిగా" అంది. "దార్లో ఆగిపోతే నిన్ను భుజాన మోసుకెళ్ళాలా?" అన్నాడు. ఆ భయమే ఆయన్ని తినేస్తోంది. కొండ మీద కారు ఆగిపోతుంది, టైముకి చేరలేరు, ఆమె దక్కదు. రోజంతా ఇదే బొమ్మ కళ్ళముందు తిరుగుతోంది.

పని మొదలుపెట్టాక కాస్త స్థిమితపడ్డాడు. ఇంజన్ పక్కన ఎర్ర దీపానికి కబురు పంపే చిన్న స్విచ్చి ఉంటుంది. దాన్ని విప్పి, ఆ కన్నంలో మూడు మూతుల ఇత్తడి టీ జాయింటు బిగించాలి. మిగిలిన రెండు మూతుల్లో ఒకదాంట్లో ఆ స్విచ్చి, రెండోదాంట్లో కొత్త మీటరు తాలూకు సెన్సరు. ఆ జాయింటు చేతికందగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మర ఉన్న వస్తువు! ఇది తన విద్యే! నీళ్ళు కారకుండా కుళాయిలకి చుట్టే తెల్ల టేపు జేబులోంచి తీసి, మర మీద దండిగా చుట్టాడు. ఒకదానికి కాదు, అన్నిటికీ చుట్టాడు. అలా చుట్టాలని అనుకోలేదు కూడా, మర కనిపిస్తే ఆ చేతికి టేపు చుట్టకుండా ఉండటం తెలీదు. వైరు లోపలికి లాగి, మీటరు స్టీరింగ్ పక్కన పెట్టి, తాళం తిప్పాడు.

ఇంజన్ అందుకుంది. ముల్లు మాత్రం సున్నా మీదే పడుకుంది. యాక్సిలరేటరు తొక్కాడు, మీటరు అద్దం మీద వేలితో కొట్టాడు, అది లేస్తే కదా. గబగబా ఇంజన్ కట్టేసి బావమరిదికి ఫోన్ కొట్టాడు.

"ఒరేయ్, ప్రెషర్ సున్నా చూపిస్తోంది!"

"అయ్యో! అక్కకా?" నిదానానికి కూడా తొందరొచ్చింది. "డాక్టర్ని పిలిచావా?"

"అక్కకి కాదురా, ఇంజన్‌కి!"

"హమ్మయ్య. చంపావు బావా."

"హమ్మయ్య ఏంట్రా, హమ్మయ్య? నువ్విచ్చిన కారు చచ్చిందిరా అంటే హమ్మయ్య అంటావా?"

"ఎర్ర దీపం వెలిగిందా మరి?"

"లేదు."

"అయితే ఏం కాలేదు. మీటర్లోనే ఏదో తేడా ఉంటుంది. కంగారు పడకు."

ఊరంతా ఆ మాటంటే పడతాడుగానీ, ఇవాళ ఆ మాట ఒళ్ళంతా కారం రాసినట్టయింది. "మీటరు కొత్తదిరా! నీ సరుకే పుచ్చుది. లోపల చచ్చినదాన్ని పైపైన తుడిచి మాకు అంటగట్టావు. నువ్విచ్చేవన్నీ ఇంతే! ఎల్లుండి ఇవ్వబోయేది మాత్రం ఏం బావుంటుందో ఎవడికి తెలుసు!"

అవతల లైను తెగింది. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా?

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరితో?"

"మీ తమ్ముడితోనే. కారు గురించి..."

"ఎల్లుండి ఇవ్వబోయేది అన్నారు. కారు ఎప్పుడో ఇచ్చేశాడుగా?"

ఆయన తల వంచుకుని పానాలు ఏరుకోసాగాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇక నిలవలేక వీధి మలుపులో ఉన్న కార్ల మెకానిక్‌ని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి పెట్టి విన్నాడు. "ప్రెషర్ లేని ఇంజన్ ఇంత హాయిగా పాడుతుందా? రాళ్ళు దొర్లినట్టు మోగిపోదూ!" అన్నాడు. వంగి చూసి పగలబడి నవ్వాడు. "ఇదేంటి బాబాయ్, స్నానాలగది అనుకున్నావా? సెన్సరు ఒళ్ళు ఇంజన్ ఇనుముకి తగలాలి, అప్పుడే కరెంటు తిరిగి వెళ్తుంది. నువ్వు దుప్పటి కప్పినట్టు టేపు చుట్టేస్తే ముల్లు ఎలా లేస్తుంది? నీ టేపుకి ఎర్ర దీపం కూడా మూగదైపోయింది." ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస సెన్సరు ఒంటికి, రెండో కొస ఇంజన్‌కి ఆనించాడు. ముల్లు చివాల్న లేచి నిలబడింది. ఇంజన్ నిక్షేపంలా ఉంది.

"ఆ టేపేదో నోటికి చుట్టుకోవాల్సింది," అంది భార్య కిటికీలోంచి.

టేపంతా ఊడబెరికి మళ్ళీ బిగించాడు. ఫోన్ చేస్తే నిదానం ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. వాడు రాకపోతే? మీటరు సంగతి దేవుడెరుగు, వాడు రేపు రానంటే ఆమె గతేంటి? చేజేతులా ఎంత పని చేశాడు! ఆ కారులోనే వాడి గదికి పరుగెత్తాడు.

నిదానం మెట్టు మీద కూర్చుని చొక్కాలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంటున్నాడు. ఒక్కో మడత సరిచేసుకుంటూ, ఎప్పట్లాగే మెల్లగా.

"తప్పు నాదేరా. టేపు చుట్టాను. కారు బంగారంలా ఉంది," అన్నాడు కంగారు, రొప్పుతూ.

"మంచిది బావా."

"రేపు వస్తావా?"

నిదానం తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు తిట్టావని మా అక్కని చంపుకుంటానా? కిడ్నీ ఇస్తాను. నీ కారు మాత్రం ఎక్కను. బస్సులో వస్తాను."

"అది నీ కారేరా..."

"చచ్చిన సరుకు కదా. నాకెందుకు?"

మర్నాడు పొద్దున్న కొండ మీద బస్సు ముందు, కారు వెనక. బస్సు వెనక అద్దంలోంచి నిదానం తల కనిపిస్తోంది, ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. కంగారు కళ్ళు బస్సు మీదికీ మీటరు మీదికీ పరుగెడుతున్నాయి.

"దాటి వెళ్ళమంటావా? పొగ నీకు పడదు," అన్నాడు.

"వద్దు. వాడి వెనకే పోనివ్వండి."

సగం దారిలో బస్సు టీ కొట్టు దగ్గర ఆగింది. కంగారు వెనకే ఆపాడు. ఆమె మెల్లగా తలుపు తీసింది. కాళ్ళు వాచి ఉన్నాయి, తలుపు పట్టుకుని దిగింది.

"ఎక్కడికి? కూర్చో, నీకేం కావాలో నేను తెస్తాను."

"నేను బస్సులో వెళ్తాను."

"నీకేమైనా మతి పోయిందా? ఈ ఒంటితో బస్సా? కారు చక్కగా ఉంది. చూడు, ముల్లు ఎక్కడుందో చూడు!"

"కారుకేం, బాగానే ఉంది," అంది ఆమె. గొంతులో కోపం లేదు, అదే ఆయనకి ఎక్కువ తగిలింది. "రేపు కోత వాడికి కూడా ఉంది. నాకు పక్కన మీరున్నారు. వాడు రాత్రంతా ఒక్కడే కూర్చుని, ఇప్పుడూ ఒక్కడే వెళ్తున్నాడు. మీరు మెల్లగా వెనక రండి."

ఆమె బస్సు మెట్టెక్కలేక ఆగింది. లోపల్నించి ఒక చెయ్యి వచ్చి ఆమెని పైకి లాగింది. వెనక అద్దంలో ఇప్పుడు రెండు తలలు, ఒకదాని మీదికి ఒకటి వాలి కనిపిస్తున్నాయి.

బస్సు కదిలింది. ఆయన కూడా కదిలించాడు. ఆమె కోసమే పెట్టిన మీటరులో ముల్లు, ఆమె లేని కారులో, ఎక్కడుండాలో అక్కడే నిలబడి ఉంది. చూడటానికి పక్కన ఎవరూ లేరు. కొండ దిగేదాకా ఆయన ఏడుస్తూనే నడిపాడు.