అడ్డం, నిలువు, వాలు

పైపు వెల్డింగు పైపై పని కాదు. పైన ఎంత నున్నగా మెరిసినా లోపల అతుకు పట్టకపోతే, అందులో పారే ఆవిరి ఏదో ఒకరోజు బయటకొచ్చి నిజం చెప్పేస్తుంది. అందుకే చౌటుప్పల్ పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో కొత్త ఆవిరి లైను వేసే ముందు నలుగురు వెల్డర్లకు పరీక్ష పెట్టాలన్నారు. ఏ పరీక్ష పెట్టాలో తేల్చే పని సుచరితది. పని నాణ్యత చూసే ఇంజనీరు ఆమె. నల్లగొండ పిల్ల, ముప్పై ఏళ్లు, చంకలో ఎప్పుడూ వెల్డింగు నియమాలుండే కోడు పుస్తకం. లైను వేసే కాంట్రాక్టరు బుచ్చయ్య. ఆమెది కోడు, ఆయనది గోడు.

"మేడమ్, నలుగురికీ సిక్స్ జీ పెట్టుండ్రి. ఒక్క దెబ్బకు అయిపోతది" అన్నాడు బుచ్చయ్య.

సెల్‌ఫోన్లకే ఫైవ్ జీ అందీ అందక సతాయిస్తుంటే, వెల్డర్లకు సిక్స్ జీ ఎప్పుడో వచ్చింది. పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పొద్దు, కదపొద్దు. వెల్డరే చుట్టూ తిరిగి అతకాలి. అందులో నెగ్గినోడు ఎట్లా పెట్టిన పైపునైనా అతకొచ్చు. పేరు చివర జీ అని మర్యాదగా తగిలించారు గానీ, అది ఎవ్వరికీ మర్యాద ఇవ్వదు.

సైదులుకైతే అసలే ఇవ్వలేదు. హుజూర్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ఈ నలభై ఏడేళ్ల వెల్డరు ఎత్తిపోతల పంపుల కాడ పని నేర్చాడు. అక్కడ పైపులు కందకంలో పడుకునేవి, లేదంటే పంపుహౌస్‌లో నిలబడేవి. ఒరిగిన పైపన్నది ఆయన ఎరగడు. వాలుచూపుకు పడిపోయిన మగాళ్లు ఎందరో ఉంటారు. వాలు పైపుకు పడిపోయింది సైదులే, అదీ రెండు కంపెనీల్లో, రెండుసార్లు. ఇక్కడా తప్పితే ఊరికి వెళ్లి గేట్లు, కిటికీ జాలీలు చేసుకుంటానని భార్య నాగరాణికి చెప్పే వచ్చాడు. ఇరవై ఐదేళ్లు పైపులు పట్టిన చేతికి అది గేటు పడటమే.

సుచరిత బల్ల మీద డ్రాయింగు పరిచి, అతుకులన్నీ వేలితో లెక్కపెట్టింది. ఎనభై నాలుగు.

"బుచ్చన్నా, గిండ్ల వాలు పైపు ఏడున్నది?"

"లేదా?"

"ఒక్కటి లేదు. అన్నీ అడ్డమే, లేకుంటే నిలువే. లేని వాలుకు పరీక్షెందుకు? నిలువు పైపుకు ఒకటి, అడ్డం పైపుకు ఒకటి పెడుత. రెండూ కలిస్తే కోడు లెక్కన సిక్స్ జీతో సమానమే."

పరీక్షకు ఇచ్చే పైపు ముక్కను కూపన్ అంటారు. బుచ్చయ్య దాని మీద పడ్డాడు.

"మనిషికి రెండు కూపన్లా? రేషన్ దుకాన్ల గూడ ఇంటికి ఒక్కటే ఇస్తరు గద మేడమ్!"

"గా కూపన్ మీద బియ్యం వస్తయి. గీ కూపన్ మీద ఆవిరి ఆగుతది."

ముగ్గురు వెల్డర్లు సరేనన్నారు. సైదులు అనలేదు.

"మేడమ్, నా కోసమే పరీక్ష తగ్గించిండ్రా?"

"తగ్గించుడేంది సైదులన్నా? ఒకటున్నదాన్ని రెండు జేసిన."

"జాలి గిట్ల చూపిస్తే నాకొద్దు. జాలీలు ఊర్ల గూడ జేసుకుంట."

"జాలి పడుదమంటే కోడుల దానికి పేజీ లేదు. పనికి తగ్గ పరీక్ష పెట్టిన, అంతే."

సైదులు హెల్మెట్ దించుకున్నాడు.

నిలువు పైపు పొద్దున్నే అయిపోయింది. అడ్డం పైపు కింద వెల్లకిలా పడుకుని, అడుగు నుంచి మొదలుపెట్టి రెండు వైపులా పైకి అతుక్కుంటూ వచ్చాడు. మరునాడు ఆ రెండు పైపుల నుంచి ఆరు పట్టీలు కోసి, ఒక్కొక్కటి ప్రెస్సులో గుర్రపు నాడాలా వంచారు. దీన్ని బెండ్ టెస్టు అంటారు. ముక్క బెండు తీసే పరీక్ష. ఒంపులో మూడు మిల్లీమీటర్లకు మించి పగిలితే వెల్డరు ఇంటికే.

ఐదు పట్టీలు మచ్చ లేకుండా వంగాయి. ఆరోదాని మీద సన్నటి గీత నోరు తెరిచింది. సైదులు మొహం పక్కకు తిప్పుకున్నాడు. సుచరిత కొలిచింది. మళ్లీ కొలిచింది.

"రెండు."

"రెండేంది?"

"రెండు మిల్లీమీటర్లు. పాస్."

"నేను ముందుగాలనే చెప్పలేదా?" అన్నాడు బుచ్చయ్య. ఆయన ఏమీ చెప్పలేదు.

సాయంత్రం ఏ పైపులు అతకొచ్చో రాసిన వెల్డరు కార్డు చేతికొచ్చింది. అందులో 'అన్ని స్థితులు' అని ఉంది. సైదులు దాన్ని రెండుసార్లు చదివాడు.

"మేడమ్, అన్నీ అంటే వాలు పైపు గూడనా?"

"కోడు ప్రకారం అది గూడ."

"నాకు రాదు గద. అది తీసెయ్యుండ్రి."

బుచ్చయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నీకు రాదని కార్డుకు తెల్వదు. నువ్వెందుకు చెప్తవ్? తక్కువ రాసిన కార్డు చూస్తే కంపెనీ వాళ్లు నిన్ను లోపలికి రానిస్తరో లేదో!"

"రేపు నువ్వే ఇంకో సైటుకు తోల్కపోయి, గీ కార్డు జూపించి, నన్ను వాలు పైపు ఎక్కిస్తవ్ బుచ్చన్నా. ఆడ కార్డు అతకదు, నేను అతకాలె. రానియ్యకపోతే పోత."

ఇచ్చినదాన్ని తగ్గించమని అడిగిన వెల్డరు సుచరితకు ఇంతవరకు తగల్లేదు. పుస్తకం తిరగేసింది. ఎక్కువ రాయకూడదని ఉంది గానీ, తక్కువ రాయకూడదని ఎక్కడా లేదు. 'అన్ని' కొట్టేసి 'అడ్డం, నిలువు మాత్రమే' అని రాసి, పక్కన సంతకం పెట్టింది.

"ఈ లైనుకు గిది చాలు. కంపెనీకి నేను చెప్పుకుంట. నువ్వు గూడ ఈడ సంతకం పెట్టు."

"పెడితే నాకు రాదని ఒప్పుకున్నట్టా?"

"రెండు వచ్చని ఒప్పుకున్నట్టు."

సైదులు పెట్టాడు.

బుచ్చయ్య ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, పని పంచే కాగితం తీశాడు. అందులో, బాయిలరు మూతి కాడ ఆవిరి అన్నిటికంటే గట్టిగా తన్నే మొదటి అతుకు ఎదుట ఇంకా ఎవరి పేరూ లేదు. అక్కడ సైదులు పేరు రాశాడు.