డార్నల్‌లోనే మొదలు, డార్నల్‌లోనే ఆఖరు

సిడ్నీ మొదటి బంతి విసిరింది దక్షిణాఫ్రికాలోని డార్నల్‌లో, చక్కెర మిల్లు వెనక మైదానంలో. ఆఖరి బంతి కూడా అక్కడే విసరాలని నలభై ఆరో ఏట పట్టుబట్టాడు. మధ్యకాలమంతా డర్బన్ క్లబ్బుకి ఆడాడు. బేస్‌బాల్ ఆడే ఇండియన్లలో అతని పేరు తెలియనివాళ్ళు ఆ తీరంలో లేరు. ఉన్నవాళ్ళకి తనే చెప్పేవాడు.

అన్ని రంగులవాళ్ళూ కలిసి తొలిసారి ఓటేసిన ఎన్నికల ఏడాది తెల్లవాళ్ళ జట్లూ ఇండియన్ల జట్లూ ఒకే లీగులో కలిశాయి. డర్బన్ నుంచి ఒక తెల్లవాళ్ళ జట్టు తొలిసారి డార్నల్‌కి ఆడడానికి వస్తోంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనుకున్నాడు సిడ్నీ. చిక్కల్లా ఒక్కటే, డార్నల్ కెప్టెన్ మోరిస్.

మోరిస్ అతని భార్య గ్లాడిస్‌కి అన్న. ఒకప్పుడు సిడ్నీ విసిరిన బంతులన్నీ బ్యాటు వెనక గొంతుక్కూర్చుని పట్టిన క్యాచర్. సిడ్నీ చెప్పాపెట్టకుండా డర్బన్ జట్టులో చేరిపోయాక, విసిరేవాడు లేక డార్నల్ ఆ ఏడాదంతా ఓడింది. అప్పట్నుంచి పెళ్ళి భోజనాల్లో కూడా మోరిస్ అతనితో ఎండావానల గురించి తప్ప మాట్లాడేవాడు కాదు.

"ఒక్క ఆట, బావా," అని సిడ్నీ మోరిస్ ఇంటి వరండాలో కూర్చుని బతిమాలాడు.

మోరిస్ టీ చప్పరించాడు. "ఆడు. ఎవులొద్దన్నారు? నాను విసురుతాను, నువ్వు పట్టు."

"నానా? క్యాచరా?"

"యా. అన్నేళ్ళు నాను కూకోలేదేటి?"

సిడ్నీ భార్య వైపు చూశాడు. గ్లాడిస్ సమోసా తుంచుకుంటూ, "అన్న మాటలో తప్పేటుంది?" అంది.

శనివారం మధ్యాహ్నం ఆట. చెరకు కాల్చిన మసి గాల్లో తేలుతూ తెల్లటి బట్టల మీద వాలుతోంది. ముఖానికి మాస్కు, ఛాతీకి కవచం కట్టుకుని సిడ్నీ బ్యాటు వెనక కూర్చున్నాడు. మోరిస్ విసరడం చూసి నేర్చుకున్నవాడే కానీ చేసి నేర్చుకున్నవాడు కాదు. మొదటి బంతి సిడ్నీ నెత్తిమీంచి పోయింది. రెండోది అంపైర్ పొట్టని పలకరించింది. ఆ తర్వాతది నేలకి తగిలి లేచి సిడ్నీ తొడమీద మోగింది.

"సారీ, బావా!" అని మోరిస్ కేక వేశాడు. ఆ గొంతులో విచారం కన్నా సంతోషమే ఎక్కువ.

ఇన్నింగ్స్ గడిచేకొద్దీ కూర్చున్న ప్రతిసారీ లేవడం గగనమైంది. తను మైదానం మధ్యలో నిలబడి చప్పట్లు అందుకున్న రోజుల్లో ఎదురుగా ఒకడు ఇలా మోకాళ్ళు అరగదీసుకున్నాడన్న సంగతి సిడ్నీకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. తోచాక సిగ్గేసింది. మాస్కు సర్దుకుని బంతులు పట్టాడు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో, స్కోరు సమంగా ఉండగా, మోరిస్ నడిచొచ్చి అతని చేతిలో బంతి పెట్టాడు. "నా బుజం పోయింది. పో, విసురు."

"లేవలేను, బావా."

"ఏటి?"

"మోకాళ్ళు పట్టేసినాయి."

మోరిస్ నవ్వు పట్టలేక తనూ నేలమీద కూలబడ్డాడు. చివరికి అవతలి జట్టు బ్యాటర్ బ్యాటు పక్కన పెట్టి ఒక రెక్క పట్టుకున్నాడు, మోరిస్ ఇంకో రెక్క పట్టుకున్నాడు. ఇద్దరూ సిడ్నీని మోసుకెళ్ళి విసిరేచోట నిలబెట్టారు. మోరిస్ తిరిగొచ్చి మాస్కు తగిలించుకుని పాత చోటులో కూర్చున్నాడు.

కాళ్ళు వంగవు గనక సిడ్నీ కట్టెలా నిలబడే విసిరాడు. ఇందాక మోసిన బ్యాటరే ఆ బంతిని చెరకుతోటలోకి కొట్టాడు. ఎంత వెతికినా దొరకలేదు. ఆ దెబ్బతో డార్నల్ ఓడిపోయింది.

మర్నాడు చర్చిలో పాస్టర్ ఐవన్ అందర్నీ మోకరించమన్నాడు. ప్రార్థనయ్యాక అందరూ లేచారు, సిడ్నీ తప్ప. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"హల్లెలూయా! ప్రభువు మన బ్రదర్‌ని ముట్టినాడు!" అన్నాడు పాస్టర్. డ్రమ్ములు మోగాయి. వెనక వరసలోని పెద్దావిడ ఒకామె సిడ్నీ తలమీద చెయ్యి వేసి బిగ్గరగా ప్రార్థన మొదలెట్టింది.

"ఓలమ్మో, ముట్టింది మా అన్న, పాస్టర్!" అంది గ్లాడిస్. డ్రమ్ముల్లో ఎవరికీ వినపడలేదు.

మోరిస్ వెనక బెంచీలోంచి వచ్చి, చంకల కింద చేతులు వేసి బావని లేపి, బయటికి నడిపించుకెళ్ళాడు. ఇద్దరూ మెట్లమీద చతికిలబడ్డారు.

"నిన్న ఆ ఆఖరి బంతి నాను లోపలికి వెయ్యమని సైగ చేసినాను కదా," అన్నాడు మోరిస్.

"బయటికని చేసినావు."

"నీకు కళ్ళు కూడా పోయినాయా?"

గ్లాడిస్ భోజనానికి రెండుసార్లు పిలిచినా వాళ్ళ వాదన తెగలేదు.