గిటార్ మెడ మీద మెరుపు

నేను పాలిష్ పెట్టిన బల్లలో చూసుకుని తల దువ్వుకోవచ్చు. గొప్పలు పోవడం కాదు, పదిహేనేళ్లుగా చెక్క సామాన్ల షాపులో ఇదే నా పని. అలాంటిది మా మామయ్యగారు తన పాతకాలపు ఎలక్ట్రిక్ గిటార్‌కి రంగు వేయించడానికి బయటివాళ్లను వెతుకుతున్నారని తెలిసి నాకు ఒళ్లు మండింది.

“ఇంట్లో కోడల్ని నేనుండగా బయటికెందుకు మామయ్యగారూ?”

“నువ్వు బీరువాలకు పాలిష్ పెట్టేదానివి కదమ్మా,” అని నసిగారు.

“ఏదైనా చెక్కే కదండీ!”

ఆ మాటే నా కొంప ముంచింది.

కుర్రతనంలో ఆయనే దానికి గేట్లకు వేసే నల్ల పెయింట్ పులిమారట. తీగలు విప్పి ఆ నలుపు గీకుతుంటే కిందనుంచి ఎరుపు తొంగిచూసింది. అత్తయ్య గబగబా వచ్చి, “అదిగో, ఆ రంగే! పెళ్లికి ముందు నేను మొదట చూసింది ఆ గిటార్‌నే. మనిషిని తర్వాత చూశాలే,” అన్నారు. మామయ్యగారు సిగ్గుపడిపోయారు.

మూడు వారాలు ఉప్పుకాగితంతో నునుపు పట్టి, ఆ ఎరుపు మీదే పాలిష్ పూతమీద పూత వేశాను. గిటార్ మెడ, అదే తీగలు సాగే పొడుగాటి కర్ర, వెనకవైపు వెలిసిపోయి కనిపిస్తే, దానికి ఇంకో రెండు పూతలు ఎక్కువే వేశాను. గిటార్ తళతళలాడింది.

ఆదివారం ఆయన పాత బ్యాండు మిత్రులు వస్తున్నారు. ఇరవై రెండేళ్ల తర్వాత కలిసి వాయించబోతున్నారు. శుక్రవారం తీగలు కట్టి ఆయన చేతికిచ్చాను. మొదలుపెట్టారు, తడబడ్డారు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ తడబడ్డారు. గిటార్‌ను మెల్లగా సోఫాలో పెట్టేశారు.

“వేళ్లు మొండికేస్తున్నాయమ్మా. వయసైపోయింది. వాళ్లను రావద్దని చెప్పేస్తాను.”

ఆయన ఫోన్ వెతుక్కుంటుంటే, గిటార్ తీసి ఆయనలాగే పట్టుకుని మెడ వెనక చెయ్యి జరిపాను. నేను వేసిన ఆ మెరుపు పూతకు అరచెయ్యి అతుక్కుపోయింది. భోజనాల బల్ల మీద ఎవరూ చెయ్యి పరుగులు పెట్టించరు కదా! ఆయన చెయ్యి ఏళ్ల తరబడి తిరిగి నున్నబడిన చోటును నేను పాలిష్ పోయిందనుకున్నాను. తప్పు ఆయన వేళ్లది కాదు, నాది.

“ఫోన్ పెట్టెయ్యండి మామయ్యగారూ!” అని అరిచి, నా పనిసంచిలోంచి సన్నటి ఇనుప పీచు తీసి మెడ వెనక రుద్దడం మొదలుపెట్టాను.

“అయ్యయ్యో, అంత మెరుపూ పోతుందమ్మా!”

“పోతే పోనివ్వండి.”

అబద్ధమెందుకు, ఒక్కో రుద్దుకూ నా ప్రాణం ఉసూరుమంది. తుడిచి చేతికిచ్చాను. ఈసారి ఆయన చెయ్యి పైదాకా వెళ్లి, ఎక్కడా ఆగకుండా కిందికొచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఆదివారం ఇల్లంతా దద్దరిల్లింది. మధ్యలో ఆగినప్పుడు డ్రమ్ములు వాయించే ఆయన గిటార్ వైపు కళ్లప్పగించి, “ఏం మెరుపురా బాబూ!” అన్నారు.

మామయ్యగారు గిటార్ వెనక్కి తిప్పి, మిత్రుడి చెయ్యి లాగి, మెరుపు లేని ఆ మెడ మీద పెట్టారు.

“మా కోడలి పనితనం ఇక్కడుందిరా.”