మాట బాకీ

ఆ మాట ఏదై ఉంటుందన్న సందేహం మేజర్ సెమిసిని పన్నెండేళ్లుగా వదల్లేదు.

పసిఫిక్ దీవుల రాజ్యం టోంగాలో చావుకీ అంతస్తులున్నాయి. సామాన్యులు పోతారు. రాజకుటుంబం వాళ్లు అస్తమిస్తారు. దేవుడికి కూడా ఈ రెండు మాటలూ వేరుగానే వినిపిస్తాయా అని ప్రార్థనలో కూర్చున్నప్పుడల్లా సెమిసికి అనిపించేది. పాస్టరుగారిని అడగాలంటే మాత్రం భయం.

అతను రాణీమాతకు ఏడీసీ, అంటే ఎప్పుడూ వెంట ఉండే సైనికాధికారి. ఆవిడకు రెండడుగులు వెనక నిలబడాలి. నడుముకున్న కత్తి చప్పుడు చెయ్యకూడదు. చర్చిలో కీర్తనల పుస్తకం సరైన పేజీ తీసి అందించాలి. పన్నెండేళ్ల కిందట తన తల్లి పోయిన మర్నాడు కూడా, సొంత దీవికి వెళ్లే పడవ దొరక్క, అలాగే నిలబడ్డాడు. పుస్తకం అందిస్తుంటే ఆవిడ తల తిప్పకుండానే అంది:

"మీ అమ్మగారు అస్తమించారట కదయ్యా."

సెమిసి కంగారుపడ్డాడు. "తల్లీ, అంత మాట మాకు చెల్లదు. మర్యాదకి నడుముకి చుట్టుకునే చాపలల్లుకునే మనిషి."

"పెద్ద చెప్పొచ్చావు. నా నడుముకి చుట్టుకున్నది ఆమె అల్లిన చాపే. మంచి మాట ఇచ్చాను, ఉంచుకో. బదులుగా నాకో మాట బాకీ ఉన్నావు. నా వంతు వచ్చినప్పుడు తీర్చు."

ఏ మాటో చెప్పలేదు.

ఇప్పుడు ఆవిడ వంతు వచ్చింది. శవపేటికను సమాధిలోకి దించే ముందు సెల్యూట్ చేసి, "రాణీమాత అస్తమించారు" అని అందరికీ వినపడేలా ప్రకటించడం అతని విధి. పొద్దున్నే యూనిఫాం గుండీలు పెడుతూ భార్య ఫునాకీ విసుక్కుంది.

"ఎన్నిసార్లు వల్లెవేస్తావయ్యా! నిద్రలోనూ అదే గోల. వినీవినీ నేనే అస్తమించేలా ఉన్నాను."

"మెల్లగా అనవే, ఎవరైనా వింటారు."

"విననీ. అత్తయ్య పోయినప్పుడు మీ చెల్లెలు 'అమ్మ పోయింది' అని ఒక్క కేక పెట్టింది. ఊరంతా ఏడ్చింది. పాపం, ఈ మహాతల్లికి ఆ మాట అనే దిక్కే లేదు."

సెమిసి కత్తి నడుముకి తగిలించుకుని బయల్దేరాడు.

రాజసమాధుల దగ్గర జనం నల్లబట్టల మీద సంతాపానికి గుర్తుగా చిరిగిన చాపలు చుట్టుకుని నేలమీద కూర్చున్నారు. రాణీమాత కూతురు యువరాణి మర్యాద కోసం కన్నీళ్లు దిగమింగుకుని రాయిలా నిలబడింది. సెమిసి సెల్యూట్ చేశాడు. ప్రకటించాడు. ఇక రెండడుగులు వెనక్కి వెయ్యాలి.

వెయ్యలేదు. పేటిక పక్కన మోకరించాడు.

"అమ్మ పోయింది" అన్నాడు.

మర్యాదలు చూసే అధికారి పళ్లు నూరాడు. "సెమిసీ! నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

యువరాణి చెయ్యెత్తి ఆ అధికారిని ఆపింది. తనూ ఆ మాటే అనబోయింది. సగంలోనే బావురుమంది. వెనక కూర్చున్న జనమంతా ఆమెతో గొల్లుమన్నారు.

పన్నెండేళ్ల బాకీ తీర్చి, సెమిసి అప్పుడు రెండడుగులు వెనక్కి వేశాడు.