విషం పట్టే పళ్లెం

నేను ఒక చైనా పింగాణీ పళ్లేన్ని. జానెడున్నర వెడల్పు. నా మీద పువ్వు లేదు, పిట్ట లేదు, రాత లేదు. అంచు నుంచి అంచు దాకా ఒకటే రంగు, నానిన పెసల రంగు. అందులో మంత్రమేమీ లేదు. పూతలో బూడిద, మట్టి, చిటికెడు ఇనుప తుప్పు కలిపారు. బట్టీలోకి గాలి పోకుండా మూశారు. గాలి ఆడి ఉంటే పసుపుపచ్చగా వచ్చేదాన్ని. నాతో కాలినవాటిలో వంకరపోయినవాటిని అక్కడే పగలగొట్టారు. నేను ఓడెక్కాను.

మచిలీపట్నంలో దిగి, బండి మీద హైదరాబాదు చేరాను. నాకు లేని గుణాన్ని అక్కడే అంటగట్టారు. విషం కలిసిన తిండి పెడితే ఈ రంగు పళ్లెం పగులుతుందని అమ్మేవాడు చెప్పాడు. ఎవరూ పరీక్షించలేదు. పరీక్షిస్తే పళ్లెం పగులుతుందని కొనేవాళ్ల భయం, పగలదని అమ్మేవాడి భయం.

చాలా చేతులు మారి మెదక్ వైపు ఒక దొర గడికి వచ్చాను. మురళీధర్‌రావు దొరకు తమ్ముడితో భూమి తగాదా. తీర్పు రాకముందే తమ్ముడు తన తిండిలో మందు పెట్టిస్తాడని ఆయన అనుమానం. అందుకే నన్ను కొన్నాడు. పదకొండేళ్లు నాలో తప్ప తినలేదు.

తినబోయే ముందు ఉంగరంతో నా అంచు మీద ఒక్కటి కొట్టేవాడు. పగులు లేని పళ్లెం ఖంగుమంటుందని ఎవరో చెప్పారట. పూటకొకసారి, ఒకే చోట. మొదట్లో వినేవాడు. పోనుపోను కొట్టడం మిగిలింది, వినడం పోయింది. తొమ్మిదో ఏట నా మోత మారింది. ఆ దెబ్బ కింద వెంట్రుకవాసి చీలిక పుట్టింది. దొర కొట్టాడు, తిన్నాడు.

వండేది సాయవ్వ. దొర తండ్రి కాలం నుంచి ఆ పొయ్యి ఆమెదే. నన్ను కడిగేదీ ఆమే. ఒకరోజు నా అంచు మీద వేలు పెట్టి ఆగింది.

"దొరా, పళ్లెం మోత మంచిగ లేదు. ఒకపారి చూడుండ్రి."

"వంట చేసెదానివి, వంట చూస్కో," అన్నాడు దొర.

రెండేళ్లు గడిచాయి. పుష్యమాసం, పొద్దున్నే చలి. చన్నీళ్లలో కడిగి తెచ్చిన నాలో సాయవ్వ పొయ్యి మీది మాంసం శోరువ పోసింది. దొరకు పొగలు కక్కుతుంటేనే కావాలి. ఆయన ఉంగరంతో కొట్టాడు. టప్పుమంది. అంచు నుంచి నడిమి దాకా గీత పడింది. శోరువ కారి చాప తడిసింది.

దొర చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మా తమ్ముడు ఏమిస్తనన్నడే నీకు?"

"చిన్నప్పటి సంది తినవెడ్తున్న దొరా. నీ నోట్లె మందు వోస్తనా?"

"పళ్లెం అబద్ధమాడుతదా?"

"పళ్లేనికి నోరున్నదా? నాకున్నది. గా శోరువ నేనే తాగుత."

రెండు చేతులతో నన్నెత్తి, మిగిలింది తాగింది. వేలితో తుడిచి నాకింది. పొద్దుగూకే దాకా గడి వాకిట్లో అందరి ముందూ కూర్చుంది. ఆమెకేమీ కాలేదు. చీకటి పడబోతుంటే లేచి, "ఇగ పొయ్యి ముట్టియ్యాల్నా దొరా?" అని అడిగింది.

"విరుగుడు ముందే మింగి వచ్చింది. వెళ్లగొట్టుండ్రి," అన్నాడు దొర.

పగిలిన నేను సాక్షినయ్యాను. బతికిన ఆమె కాలేకపోయింది.

ఆ ఏడే తమ్ముడు రాజీకి వచ్చాడు. అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చుని భోంచేశారు. సాయవ్వను తిరిగి పిలవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదని, ఆరేళ్లకు పోయిందని గడిలో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. అప్పటికి నాకు ఇత్తడి కుట్లు వేయించి గోడకు తగిలించారు. దొర ప్రాణం కాపాడిన పళ్లేన్ని కదా.

దొర మనవడు గడి తలుపులతో పాటు నన్నూ అమ్మాడు. హైదరాబాదులో పాత సామాన్ల దుకాణానికి చేరాను. గ్రానైటు వ్యాపారి విద్యాధర్ విషం కథ విని చూడటానికి వచ్చినప్పుడు దుకాణదారు మోహన్‌లాల్ నా అంచు మీద టార్చిలైటు వేశాడు.

"మీకు అబద్ధం చెప్పను సార్. ఇగో, దెబ్బల మచ్చ. రోజూ ఉంగరంతో ఇక్కడనే కొట్టిన్రంట. పగులు ఇక్కడనే మొదలైంది, వేడికి విచ్చింది. విషం లేదు, ఏం లేదు."

డెబ్బై ఏళ్లుగా ఆ మాట కోసం ఉన్నాను.

"ఆ మాట ఇక్కడే వదిలెయ్ సేటూ," అన్నాడు విద్యాధర్. "కుట్లేసిన పళ్లెం నాకెందుకు? విషం పట్టిందని రాసిస్తే తీసుకెళ్తా."

మోహన్‌లాల్ టార్చి ఆర్పాడు. "మీ ఇష్టం సార్." రాసిచ్చాడు. అందులో దొర పేరుంది, ఊరి పేరుంది. సాయవ్వ పేరు లేదు. 'దుర్మార్గపు వంటమనిషి' అని ఉంది.

ఇప్పుడు అద్దాల బీరువాలో ఉంటాను. విద్యాధర్ ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లకు నన్ను బయటికి తీసి కథ చెబుతాడు. అది అయ్యేదాకా వంటావిడ కూర గిన్నె పట్టుకుని నిలబడాలి. చివర్లో ఉంగరంతో నా అంచు మీద ఒక్కటి కొడతాడు. నేను మోగను. చెక్క మీద కొట్టినట్టుంటుంది.

"విన్నారా?" అంటాడు.

విన్నామంటారు. వంటావిడ ఒక్కతే ఆ ఉంగరం వంక చూస్తుంది.