ఏటి వాటా

"ఉన్నమాటే చెప్పాను, నా తప్పేముంది?" అని ఇప్పటికీ ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఉన్నమాటే చెప్పి ఒక పెద్దమనిషి నోటికాడి కూడు తీసినవాణ్ణి నేను.

1989 శీతాకాలం. పర్ణశాల రేవు నుంచి భద్రాచలం దాకా పట్నంవాళ్లను గోదావరి మీద దోనెల్లో తిప్పే వ్యాపారం ఒక కాంట్రాక్టరు మొదలుపెట్టాడు. ఒంటిమాను తొలిచిన దోనెలు రెంటిని పక్కపక్కన పెట్టి, వెదురుబొంగులతో బిగించి, ఆరుగురిని కూర్చోబెట్టేవాళ్లం. నేను గైడుని. మాది తిరుమలాయపాలెం దగ్గర లంబాడీ తండా. డిగ్రీ ఉంది, ఇంగ్లీషు వచ్చు, ఈత రాదు. ఆ చివరి సంగతి ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు.

దోనె నడిపేది బొజ్జయ్య. అరవై ఏళ్ల కోయ మనిషి. ఆ దోనెలు ఆయన తండ్రి తొలిచినవి. కంపెనీ వాటికి పచ్చరంగు పూసి, ఒకటి, రెండు అని నంబర్లు వేసింది, అంతే. ఎక్కడ సుడి ఉందో, ఎక్కడ ఇసుక మేట వేసిందో తెలిసిన బొజ్జయ్య పేరు బోర్డు మీద లేదు. నీళ్లంటే వణికే నా పేరు మాత్రం పెద్దక్షరాలతో ఉంది.

రోజూ జనం ఎక్కకముందే ఆయన ఆకు దొప్పలో ఇప్పసారా పోసుకొచ్చి దోనెల ముందు కొసల మీద ఒంపేవాడు. మొదటిరోజే అడిగాను.

"పొద్దుగాల్నే ఇదేంది మామా?"

"ఇది నేను తాగాల్సింది. ఏట్ల దిగే దినం నా వాటా ఏటిదే. మా అయ్య గిట్లనే చేసిండు."

"నువ్వు చుక్క గూడ ముట్టవా?"

"మనుషులను ఎక్కించుకున్నంక చుక్కేంది పిల్లగా? మందిని గడ్డకు దించినంక చూద్దాం."

అంటే దోనె మీద సారా వాసన వస్తోందంటే బొజ్జయ్య గొంతు పొడిగా ఉందని అర్థం. ఈ చిన్న సంగతి నాకు తెలుసు. నాకు తెలిసే జరిగింది ఆ పాపం.

జనవరిలో ఒక ఆఫీసరుగారు కుటుంబంతో వచ్చాడు. సగం దారిలో గాలి తిరిగి దోనెలు బండ మీదికి కొట్టుకుపోతుంటే బొజ్జయ్య ఛాతీలోతు నీళ్లలోకి దూకి, భుజం అడ్డం పెట్టి ఆపాడు. ఆ భుజం చెక్కుకుపోయి నెత్తురు కారింది. ఆఫీసరుగారి పిల్లల బట్టలు కూడా తడవలేదు. భద్రాచలంలో దిగీదిగగానే ఆయన చేసిన మొదటి పని ఫిర్యాదు రాయడం. దోనెలో సారా కంపు కొట్టిందట, తాగుబోతు చేతిలో తమ ప్రాణాలు పెట్టారట. భుజం గురించి ఒక్క ముక్క లేదు.

మేనేజరు ఆదినారాయణ నన్ను పిలిచాడు. బొజ్జయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వాసన వచ్చిందా లేదా, ఒక్క ముక్కలో చెప్పు."

"సార్, అది దోనె మీద..."

"కథలొద్దు. వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్."

అదే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. నాది టెంపరరీ ఉద్యోగం. భయపడ్డాను. సిగ్గులేకుండా భయపడ్డాను. బొజ్జయ్య నన్ను తిట్టలేదు.

"పోసింది నువ్వు చూసినవ్ గద పిల్లగా," అన్నాడు, అంతే. సీజను అయిపోయేదాకా ఆయన దోనెలు కిరాయికి ఉంచుకుని ఆయన్ని మాత్రం పంపేశారు. దోనె తోసే గెడను సమ్మయ్య అనే మరో మనిషి చేతికిచ్చారు.

నెల తిరక్కుండా ఒక పత్రికలో ఫొటో పడింది. అంతకుముందెప్పుడో ఒక యాత్రికుడు తీసిన ఫొటో. బొజ్జయ్య వంగి దొప్ప ఒంపుతున్నాడు. ఇక వచ్చినవాళ్లందరూ "ఆ పూజ ఏదీ? ఆ ముసలాయన ఏడీ?" అని అడగడమే. ఆదినారాయణ స్వయంగా జీపేసుకుని వెళ్లి బొజ్జయ్యను రేవుకు తీసుకొచ్చాడు. మళ్లీ దోనె నడపమంటారని నమ్మి ఆయన పొడిగొంతుతోనే వచ్చాడు, తన సారా సీసా చంకలో పెట్టుకుని.

ఆదినారాయణ ఆ సీసా లాక్కుని జీపులో పెట్టాడు. ఏటినీళ్లు నింపిన ఇంకో సీసా ఆయన చేతికిచ్చాడు.

"సారా అయితే కంప్లైంటు వస్తుంది. ఇవి పొయ్యి. ఫొటోలో ఎవరికి తెలుస్తుంది?"

"పోసినంక దోనె నేనే నడపాల్నా సారూ?"

"దానికి సమ్మయ్య ఉన్నాడు. నువ్వు పోసి పక్కన నిలబడు."

బొజ్జయ్య ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏటి నీళ్లు ఏటికే పోసి నా వాటా అనాల్నా? నాతోని గాదు," అని దాన్ని ఇసుకలో పెట్టేశాడు.

అప్పుడు ఆదినారాయణ నా వైపు తిరిగాడు. "ఆ నీళ్లు నువ్వు పొయ్యి రాందాస్. నువ్వూ ఆ బాపతే కదా. చొక్కా విప్పి తలకు తువ్వాలు చుట్టుకో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా తండా ఎక్కడ, ఈ ఏరెక్కడ? మా మాట వేరు, మా మొక్కులు వేరు. ఆయనకు ఇద్దరమూ ఫొటోకు పనికొచ్చే నల్లటి ఒళ్లు, అంతే. యాత్రికులు కెమెరాలు ఎత్తి సిద్ధంగా ఉన్నారు.

నేను సీసా తీసుకున్నాను. మూత తీసి, అందరి ముందూ ఆ నీళ్లు గటగటా తాగేశాను. ఆయన ముఖానికి దగ్గరగా వెళ్లి నోరు తెరిచాను.

"వాసన వచ్చిందా లేదా సార్? ఒక్క ముక్కలో చెప్పండి."

ఇంగ్లీషులోనూ తెలుగులోనూ జరిగిందంతా యాత్రికులకు చెప్పాను, నా సంతకంతో సహా. నేను చెబుతుండగానే బొజ్జయ్య జీపు దగ్గరికి వెళ్లి తన సీసా తెచ్చుకున్నాడు. దోనెల కొసల మీద సారా ఒంపాడు. కెమెరాలు టకటకమన్నాయి. ఆయన వాటి వైపు చూడలేదు. తాడు విప్పి, సమ్మయ్య చేతిలోని గెడ అందుకున్నాడు.

"నా దోనెలు నేను తీస్కపోతున్న సారూ," అన్నాడు ఆదినారాయణతో. తర్వాత నన్ను పిలిచాడు.

"ఎక్కు పిల్లగా. నడిమిట్ల కూసో, ఈత రాదు గద నీకు."