పుష్పవతి వేసిన పీటముడి

ప్రసూనాంబ ట్రైనింగై వచ్చిన పంతులమ్మ. రోజూ నందిగామ నుంచి బస్సులో జగ్గయ్యపేట వచ్చి, బ్లాకు ఆఫీసువాళ్లు ఉగాదికి తెరిచిన బాలవాడిలో ఇరవైమంది పిల్లల మధ్య చాపేసుకుని కూర్చుంటుంది. కూర్చోవటమే ఆవిడ చేసే పని అని, తన పిల్లను అక్కడికి పంపే పుష్పవతి ఏనాడో తేల్చేసింది.

పిల్లలు ఏది పట్టుకుంటే అదే ఆ పూటకు చదువు. ఒకడు ఇసుక జల్లిస్తాడు. ఇంకొకతె చెంబులోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి చెంబులోకి నీళ్లు పోసుకుంటుంది. పలక లేదు, బెత్తం లేదు. "ఇట్లా వదిలేస్తే ఎట్లాగండీ?" అని పుష్పవతి ఒకరోజు అడిగితే, "ఏం కావాలో వాళ్ల చేతులకే తెలుస్తుందండీ" అంది.

"చేతులకు తెలుస్తుందట!" అని ఆ రోజు పుష్పవతి మొగుడి ముందు మూతి తిప్పింది. "ఐదో క్లాసు చదివిన నాకు తెలీంది నాలుగేళ్ల దాని చేతులకు తెలుస్తుందట! ఈ మాటకు గవర్నమెంటు జీతమొకటి!"

ఆమె కూతురు జయమణి చేతులు కోరుకున్నది ముడుల చెక్క. చెక్కకు మేకులు కొట్టి రంగుతాళ్లు కట్టి ఉంటాయి. జయమణి పొద్దున కూర్చుని ముడులు వేస్తుంది, మధ్యాహ్నం దాకా విప్పుతుంది. రెండు నెలలుగా అదే చదువు. "పోనీలే, గేదెల కాడన్నా పనికొస్తుంది" అని తండ్రి తిరుపతిరావు నవ్వాడు. పుష్పవతికి నవ్వు రాలేదు. బస్సు హారను మోగితే పిల్ల రోడ్డు మీదే ఉందనుకునే మనిషి ఆమె.

అన్నిటికన్నా పెద్ద భయం దొడ్లోనే ఉంది. ఎండాకాలం తవ్వించిన కొత్త బావి, చుట్టుగోడ లేదు. గోడకోసం తెచ్చిన నాపరాళ్లు పక్కనే పేర్చి ఉన్నాయి గానీ, పని మొదలుపెట్టేలోపే ఆషాఢం వచ్చిపడింది. "శూన్యమాసంలో కట్టడమేంటే? శ్రావణం రానీ" అన్నాడు తిరుపతిరావు. బావిలో నీళ్లకు ఆ పట్టింపు లేదు. వానలకు రోజుకో జాన పైకొస్తున్నాయి.

ఆ నీళ్లు ఉప్పన. మంచినీళ్లకు వీధి చివరికి పోవాల్సి వచ్చినప్పుడల్లా పుష్పవతి పాతచీర పేలికతో పిల్ల నడుముకు పీటముడి వేసి, రెండో కొస వసారా గుంజకు కట్టి వెళ్లేది. తిరిగొచ్చాక ఆ ముడిని పంటితో లాగితే గానీ ఆమెకే ఊడేది కాదు. దేవుడి మీదకన్నా ఆ ముడి మీదే ఆమెకు నమ్మకం.

ఆ ఆదివారం బిందెతో వచ్చేసరికి పేలిక గుంజకు వేలాడుతోంది. తెగలేదు, చిరగలేదు. ముడి శుభ్రంగా విప్పి ఉంది. బిందె ఎక్కడ పడిందో తెలీదు. బావి అంచున బోర్లా పడి లోపలికి చూసింది. ఆకాశం ముక్కా, తన తలా కనిపించాయి. "జయా!" అన్న కేక బావిలోంచి తిరిగొచ్చింది.

"ఏంటమ్మా?"

పిల్ల నాపరాళ్ల చాటున కూర్చుని ఉంది. బావికి మూడడుగులు.

"నాకు విప్పటం వచ్చిందమ్మా! ముందు కొసను లోపలికి తొయ్యాలి. నువ్వు లాగుతావు, అందుకే నీకు రాదు."

పుష్పవతి వీపున రెండు వేసింది. గుండెకు అదుముకుంది. మళ్లీ ఒకటి వేసింది.

మర్నాడు బాలవాడి గుమ్మంలో నిలబడి అరిచింది. "అఆలు నేర్పమని పంపితే కట్లు విప్పుకోవటం నేర్పారండీ మీరు! నా పిల్ల బావి దాకా పోయింది!"

"పీటముడే విప్పిందా! ఎంతసేపు పట్టిందండీ?" అంది ప్రసూనాంబ.

"గడియారం పట్టుకుని చూస్తూ కూర్చోమంటారా?"

ఆవిడ ముఖం వాడిపోయింది. "అలా అడగటం తప్పేనండీ. కానీ వచ్చిన విద్యను రాకుండా చెయ్యలేం గదా. బావికి గోడ కట్టించండి."

"ఈ ముక్క చెప్పటానికి ట్రైనింగెందుకు? మా గేదెనడిగినా చెబుతుంది!"

పిల్లను బడి మాన్పించింది. ఆ పూట మూడు ముళ్లు వేసి ఎదురుగా కూర్చుని చూసింది. పిల్ల విప్పింది. మర్నాడు ఐదు వేసింది. పాట పాడుకుంటూ విప్పింది. మూడోనాడు పుష్పవతి తాపీమేస్త్రికి కబురుపెట్టింది.

"సొలొమోనూ, నీకు ఆషాఢం ఉందా?"

"మాకెక్కడిదమ్మగారూ! అయ్యగారు శ్రావణంలో అన్నారే?"

"అయ్యగారి నడుముకు పేలిక కట్టి కూర్చోబెడతాలే. నువ్వు రాయి పెట్టు."

సాయంత్రం పొలం నుంచి వచ్చిన తిరుపతిరావు లేచిన గోడను చూసి నోరు తెరిచాడు. పెళ్లాం చేతిలో పేలికను చూసి మూసుకున్నాడు.

గోడ ఆరాక జయమణిని మళ్లీ బడికి పంపింది. పేలికలో తన బలమంతా పెట్టి రెండు పీటముళ్లు బిగించి పిల్ల చేతికిచ్చింది. "మీ పంతులమ్మకియ్యి. అంత చదువుకుంది గదా, విప్పమను."

వెనకే వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. ప్రసూనాంబ గోళ్లతో గీకింది, లాగింది, చివరికి పంట పట్టింది. జయమణి కాసేపు ఓపికపట్టి, ఆవిడ చేతిలోంచి పేలిక తీసుకుంది.

"లాగకూడదండీ" అంటూ చాప మీద కూర్చుని కొసను లోపలికి తోసింది.

"ట్రైనింగట, ట్రైనింగు!" అంది పుష్పవతి, లోపలున్న ఆవిడకు వినపడేటట్టే.

రెండో ముడి కూడా ఊడేదాకా ఆమె కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.